పాట ఎత్తుకునేవారి పని ఏమిటి? క్రైస్తవ ఆరాధనలో గాన నాయకత్వం

తెలుగు క్రైస్తవ సంఘాల్లో కొన్నేళ్లుగా ఒక వివాదం తరచుగా వినిపిస్తోంది. ఆదివారం ఆరాధనలో వేదిక మీదివారు పాడుతుంటే కిందివారు వింటూ నిలబడవలసి వస్తోందని పెద్దవారు బాధపడుతున్నారు. పాత పద్ధతిలో పాట నీరసంగా సాగుతుందనీ, పాడించేవారికి తగిన శిక్షణ, వాద్యాలు, స్వేచ్ఛ ఉన్నప్పుడే సంఘం మనసు పెట్టి పాడుతుందనీ యువతరం అంటోంది. ఈ చర్చ చాలాసార్లు పాత కీర్తనలా కొత్త పాటలా, తబలానా డ్రమ్సా అన్నచోట ఆగిపోతుంది. చిక్కుముడి అక్కడ లేదు. ముందు నిలబడిన వ్యక్తి ఏ పని చేయడానికి నిలబడ్డారు అన్న ప్రశ్నలో ఉంది. సంఘం తరఫున పాడటానికా, సంఘం చేత పాడించడానికా, సంఘాన్ని ఒక భావస్థితిలోకి తీసుకువెళ్లడానికా? ఈ మూడూ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు అవసరాల వల్ల పుట్టిన పనులు. నేటి పాటల నాయకుడి మీద మూడూ ఒకేసారి పడ్డాయి కాబట్టే ఒకే వ్యక్తిని ఒకరు మెచ్చుకుంటుంటే మరొకరు తప్పుపడుతున్నారు.

ఎవరిని ఏమంటున్నాం

ఆరాధనకు చేరిన జనమంతా సంఘం. సంఘం పాడవలసిన పాటను మొదట ఎత్తుకుని, శృతి, నడక నిర్ణయించి, చరణం తర్వాత చరణానికి దారి చూపేవారు పాటల నాయకుడు లేదా నాయకురాలు. ముందుగా సాధన చేసి, కొన్నిసార్లు సంఘంతో కలిసీ, కొన్నిసార్లు విడిగానూ పాడే జట్టు గాయక బృందం; దీన్నే మన సంఘాల్లో క్వైర్ అంటారు. కతోలిక ఆరాధనలో వాక్య పఠనాల మధ్య కీర్తనను చరణాలుగా పాడి, ప్రజల చేత పల్లవి చెప్పించే గాయకుడి పని, ప్రజల పాటను నడిపించే గాయకుడి పని వేర్వేరు. చిన్న విచారణల్లో, అంటే ఒక గురువు కింద ఉండే స్థానిక కతోలిక సంఘాల్లో, రెండూ ఒక్కరే చేయవచ్చు. ఇక ఆరాధన నాయకుడు, అంటే వర్షిప్ లీడర్, అన్న పదవి 20వ శతాబ్దపు చివరి దశాబ్దాల్లో స్థిరపడింది. ఈ వ్యక్తి పాటలను ఎంచుకుంటారు, వాటి మధ్య ప్రార్థిస్తారు, ప్రోత్సాహపు మాటలు చెబుతారు, వాద్య బృందాన్ని నడుపుతారు. పాటల నాయకుడు పాటకు బాధ్యుడైతే, ఆరాధన నాయకుడు దాదాపు ప్రసంగానికి ముందున్న సమయమంతటికీ బాధ్యుడు. ఈ తేడా పైకి చిన్నదిగా కనిపించినా తర్వాతి వాదాలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

బైబిలు చెప్పేది, చెప్పనిది

పాత నిబంధనలో ఈ పదవి స్పష్టంగా ఉంది. దావీదు కాలంలో హేమాను, ఆసాపు, ఏతాను అనే లేవీయులు (ఆరాధన సేవకు ప్రత్యేకించిన గోత్రంవారు) కంచు తాళాలు మోగించడానికి నియమితులైనట్టు, కెనన్యా సంగీతంలో నేర్పరి కాబట్టి ఆ పనిని నడిపించినట్టు మొదటి దినవృత్తాంతముల గ్రంథం 15వ అధ్యాయం చెబుతుంది. 25వ అధ్యాయంలో శిక్షణ పొందిన గాయకుల సంఖ్య 288 అనీ, వారిని 24 వంతులుగా విభజించారనీ ఉంది. కీర్తనల గ్రంథంలోని 55 కీర్తనలకు శీర్షికలో ‘ప్రధానగాయకునికి’ అని కనిపిస్తుంది. అంటే పాట రాసినవారొకరు, దాన్ని పాడించే బాధ్యత ఉన్నవారు మరొకరు.

పాడించే పని ఎలా సాగేదో ఊహించడానికి 136వ కీర్తన చూస్తే చాలు. ఆ కీర్తనలో 26 వచనాలున్నాయి, ప్రతి వచనమూ ‘ఆయన కృప నిరంతరముండును’ అన్న మాటతోనే ముగుస్తుంది. మొదటి సగం ప్రతిసారీ మారుతుంది: ఒకచోట సృష్టి, ఒకచోట ఐగుప్తు, ఒకచోట అరణ్యం. మారే భాగాన్ని తెలిసినవారు పాడితే, మారని భాగాన్ని చదువు రానివారు, పిల్లలు కూడా అందుకోగలరు. రెండుసార్లు వింటే మూడోసారికి నోటికి వచ్చేస్తుంది. పల్లవి, చరణాల అలవాటున్న తెలుగువారికి ఈ కట్టుబడి కొత్తగా వివరించవలసిన పని లేదు.

కొత్త నిబంధన మాత్రం ఇలాంటి పదవిని వర్ణించదు. ఎఫెసీయులకు, కొలొస్సయులకు రాసిన పత్రికల్లో విశ్వాసులు పాటల ద్వారా ఒకరినొకరు హెచ్చరించుకోవాలని, బోధించుకోవాలని ఉంది కానీ ముందు ఎవరు నిలబడాలో లేదు. ఒక పక్షం ఈ మౌనాన్ని చూపి ‘పాట సంఘమంతటిదీ, పదవి అవసరం లేదు’ అంటుంది. పాత నిబంధన ఏర్పాటును ఎవరూ రద్దు చేయలేదని మరో పక్షం అంటుంది. రెండు వాదనలకూ ఆధారం ఉంది, ఏ ఒక్కటీ తిరుగులేనిది కాదు.

సంఘం తరఫున పాడేవారు

క్రీ.శ. 70లో యెరూషలేము దేవాలయం నాశనమైన తర్వాత యూదుల ఆరాధన పూర్తిగా సమాజమందిరాల మీద ఆధారపడింది. అక్కడ ప్రార్థనను నడిపించే వ్యక్తి సమూహం పంపిన ప్రతినిధి. ముఖ్య ప్రార్థనను ముందు అందరూ మెల్లగా చెప్పుకుంటారు. తర్వాత ప్రతినిధి దాన్ని పైకి వినిపిస్తాడు. స్వయంగా ప్రార్థించలేనివారు ఆమేన్ చెప్పడం ద్వారా ఆ ప్రార్థనలో తమ వంతు నెరవేర్చుకుంటారు. సుమారు క్రీ.శ. 200 నాటి యూదు ధర్మశాస్త్ర సంకలనంలో, ప్రార్థన నడిపేవాడు తడబడితే అది అతన్ని నియమించినవారికే చెడు సూచన అన్న మాట ఉంది. ప్రతినిధి అంటే పంపినవాడితో సమానం అన్నది అందులో చెప్పిన కారణం. ఈ దృష్టిలో ముందు నిలబడినవారి గొంతు సంఘం గొంతే. జనం అక్షరం అక్షరం కలిసి పాడకపోయినా లోటు లేదు, ‘ఆమేన్’ అనే ఒక్క మాటలో వారి సమ్మతి మొత్తం ఉంది.

క్రైస్తవ సంఘంలో ఇదే భావన మరో దారి పట్టింది. 4వ శతాబ్దంలో లవొదికయలో జరిగిన సభ తన 15వ నిబంధనలో, పీఠమెక్కి పుస్తకం చూసి పాడే నియమిత గాయకులు తప్ప ఇతరులు సంఘంలో పాడకూడదని చెప్పింది. జనం నోరు పూర్తిగా మూయించాలన్నది దాని ఉద్దేశమా, ఎవరు పడితే వారు పాట ఎత్తుకోవడాన్ని ఆపడమా అన్నది పండితులు ఈనాటికీ చర్చించే విషయం. ఉద్దేశం ఏదైనా, తర్వాతి శతాబ్దాల్లో పశ్చిమ ఐరోపాలో లాటిన్ ఆరాధనా గానం క్రమంగా మతగురువులకు, సన్యాసులకు, శిక్షితులైన గాయకులకు పరిమితమైంది. సామాన్యుల భాష మారిపోయింది, పాట సంక్లిష్టమైంది. వారికి వినడం మిగిలింది.

జనానికి పాట నేర్పవలసి వచ్చినప్పుడు

16వ శతాబ్దపు ప్రొటెస్టెంటు సంస్కర్తలు పాటను జనానికి తిరిగి ఇవ్వాలనుకున్నప్పుడు వారికి ఎదురైన మొదటి సమస్య సిద్ధాంతానికి సంబంధించినది కాదు. జనానికి పాడటం రాదు. జర్మన్ సంస్కర్త లూథర్ పక్షం 1524 నాటికే జర్మన్ భాషలో పాటల పుస్తకాలు అచ్చువేసి, బడుల్లో నేర్పించి, గాయక బృందాన్నీ నిలబెట్టుకుంది. రెండు శతాబ్దాల తర్వాత జర్మన్ స్వరకర్త బాఖ్ 1723 నుంచి 1750 వరకు లైప్సిగ్‌లో చేసిన ఉద్యోగం ఈ ఏర్పాటుకు కొనసాగింపే: సెయింట్ థామస్ బడి పిల్లలకు సంగీతం నేర్పడం, నగరంలోని చర్చిలకు వారి చేత పాడించడం. స్విట్జర్లాండులోని జ్యూరిక్‌లో మాత్రం 1525 ప్రాంతంలో ఆరాధన నుంచి పాటనే తొలగించారు. 1598 వరకు అది తిరిగి రాలేదు.

జెనీవాలో మరో సంస్కర్త కాల్విన్, ఆయన సహచరులు 1537లో నగర పాలకులకు ఇచ్చిన ప్రతిపాదన నాకు ఈ చరిత్ర మొత్తంలో అత్యంత వివేకవంతమైనదిగా తోస్తుంది. ముందుగా సాధన చేసిన పిల్లలు గట్టిగా, స్పష్టంగా పాడతారు. పెద్దలు శ్రద్ధగా విని, మనసులో అనుసరిస్తూ, కొద్దికొద్దిగా గొంతు కలుపుతారు. వాద్యాలు లేవు, ఒకే స్వరంలో గానం. 150 కీర్తనలనూ పద్యాలుగా, బాణీలతో సహా పూర్తి చేసిన పుస్తకం 1562లో వెలువడింది. ఇక్కడ పాడించేవారు సంఘానికి ప్రతినిధులు కారు, సంఘానికి ఉపాధ్యాయులు. వారి గొంతు చివరకు సంఘం గొంతులో కలిసి వినపడకుండా పోతే వారు గెలిచినట్టు.

ఒక్కో పంక్తి చెప్పి పాడించడం

ఇంగ్లండులో సంఘ సంస్కరణ కోసం పార్లమెంటు పిలిచిన వెస్ట్‌మినిస్టర్ సభ సిద్ధం చేయగా 1645లో ఆమోదం పొందిన ఆరాధనా నియమావళి, చదువు వచ్చిన ప్రతివారి చేతిలో కీర్తనల పుస్తకం ఉండాలని చెబుతూనే, చదవలేనివారు ఎక్కువగా ఉన్నంతకాలం బోధకుడో, పెద్దలు నియమించిన మరో తగిన వ్యక్తో ఒక్కో పంక్తిని ముందుగా చదివి వినిపించాలని సూచించింది. నాయకుడు పంక్తి చెబుతాడు, సంఘం దాన్ని పాడుతుంది, మళ్లీ తర్వాతి పంక్తి. తాత్కాలికంగా అనుకున్న ఈ పద్ధతి వందల ఏళ్లు నిలిచింది. స్కాట్లండుకు చెందిన లూయిస్ దీవిలో గేలిక్ భాషా సంఘాలు, అమెరికాలోని కొన్ని నల్లజాతి సంఘాలు, కెంటకీ కొండప్రాంతపు బాప్తిస్టులు ఈ రీతిని కాపాడుకుంటూ వచ్చారు.

మన పల్లెల్లో ఇది ఎరుగనివారు ఉండరు. చెక్కభజనలో గురువు చరణం ఎత్తుకుంటే మేళం అందుకుంటుంది. రామభజనలో ఒకరు చెబితే మిగిలినవారు వంత పాడతారు. తెలుగు క్రైస్తవ కీర్తన కూడా ఇదే నేల మీద పెరిగింది. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవులు పాశ్చాత్య బాణీలకు తెలుగు మాటలు అతికించడంతో ఆగకుండా పల్లవి, అనుపల్లవి, చరణాలతో కీర్తనలు కట్టారు. వాటిని సంకలనం చేసిన పుస్తకంలో ఒక్కో పాట మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ప్రతి చరణం తర్వాత పల్లవి తప్పక తిరిగి వస్తుందని సంఘానికి తెలుసు; అందువల్ల చరణాలు నోటికి రానివారు సైతం పల్లవి దగ్గర గొంతు కలుపుతారు.

ఈ పద్ధతికి ఉన్న ఇబ్బందిని చూపే స్పష్టమైన ఉదంతం అమెరికాలోని బోస్టన్‌లో దొరుకుతుంది. సామ్యూల్ సీవల్ అనే న్యాయమూర్తి తన సంఘంలో 24 ఏళ్లు పాట ఎత్తుకునే బాధ్యత వహించాడు. 1718లో ఒక ఆదివారం ఆయన ఒక బాణీ ఎత్తుకుంటే, రెండో చరణానికల్లా సంఘం మరో బాణీలోకి జారిపోయింది. మూడు వారాల క్రితం కూడా అలాగే జరిగింది. దీన్ని సూచనగా తీసుకుని, ఆ బాధ్యత ఇంకొకరికి అప్పగించాలని కోరినట్టు ఆయన తన దినచర్యలో రాసుకున్నాడు. సంఘానికి తెలిసిన బాణీలు కొద్ది. పోలికలున్న బాణీల మధ్య జనం సులువుగా దారి తప్పుతారు. ఎత్తుకున్న గొంతుకు వారిని వెనక్కి లాగే బలం లేనప్పుడు పాట జనం అలవాటు వైపే వెళుతుంది. నాయకుడికి అధికారం సంఘం అనుసరించినంతవరకే.

1720ల నాటికి బోస్టన్ ఉన్న అమెరికా ఈశాన్య ప్రాంతమైన న్యూ ఇంగ్లండులో దీని మీద పెద్ద వాదమే నడిచింది. పాత పద్ధతిలో పాట మందగించిందని, ఒక్కొక్కరు ఒక్కో గమకం వేస్తూ అసలు బాణీ గుర్తుపట్టలేకుండా చేస్తున్నారని, స్వరలిపి చూసి పాడటం నేర్పాలని విద్యావంతులైన బోధకులు వాదించారు. తాతల నాటి నుంచి హృదయంతో పాడుతున్న పాటను కాగితానికి కట్టివేయవద్దని గ్రామీణులు ఎదురు చెప్పారు. చివరకు పాటల బడులు వెలిశాయి. వాటిలో నేర్చుకున్నవారు చర్చిలో ఒకచోట కూర్చోసాగారు. వారే గాయక బృందాలయ్యారు. జనమంతా బాగా పాడాలని మొదలైన ప్రయత్నంలో బాగా పాడేవారు వేరుపడ్డారు. నేటి తెలుగు సంఘాల్లోని సమస్యను అర్థం చేసుకోవడానికి ఈ పరిణామం చాలా పనికివస్తుంది. గానం నాణ్యత పెంచే ప్రతి ప్రయత్నమూ, జాగ్రత్త పడకపోతే, పాడేవారి సంఖ్యను తగ్గించగలదు.

శృతి ఎవరి గొంతుకు సరిపోవాలి

పాటల నాయకుడి పనిలో బయటికి కనిపించని అతి ముఖ్యమైన నిర్ణయం శృతి. ఒక పాట షడ్జమం నుంచి తారస్థాయి మధ్యమం వరకు, అంటే 17 స్వరస్థానాల మేర, విస్తరించి ఉందనుకుందాం. మంచి హెచ్చు గొంతున్న యువకుడు దాన్ని మూడు శృతిలో ఎత్తుకున్నాడు. తారస్థాయిలో అతని గొంతు మెరుస్తుంది, అతనికి అది సుఖం. కింద కూర్చున్న సగటు పురుషుడి గొంతు అంత ఎత్తుకు అందదు. స్త్రీలు అదే స్థాయిలో పాడదామంటే మొదటి పంక్తి గొంతు అడుగున ఎక్కడో ఉంటుంది. ఒక స్థాయి పైన అందుకుంటే చివరి పంక్తి దగ్గర కీచుమంటుంది. దాంతో ఇరుపక్షాలూ ఊరుకుంటాయి. అదే పాటను ఆరు శృతిలో, అంటే మూడు శృతికి కిందున్న స్థాయిలోని ఆరులో, ఎత్తుకుంటే పురుషులు కింది స్థాయిలో, స్త్రీలు దానికి ఒక స్థాయి పైన, మొదటి నుంచి చివరిదాకా ఇబ్బంది లేకుండా పాడగలరు. నాయకుడి గొంతు మాత్రం అంతగా మెరవదు.

‘జనం పాడటం లేదు’ అన్న ఫిర్యాదుకు భక్తి తగ్గడం కారణమని తేల్చేముందు ఈ చిన్న లెక్క చూసుకోవడం న్యాయం. స్పీకర్ల శబ్దం విషయమూ ఇలాంటిదే: తన గొంతు, పక్కవారి గొంతు తనకే వినపడని చోట మనిషి పాడటం మానేస్తాడు.

మూడో లెక్క, మళ్లింపులది. కీర్తనలో పల్లవి ఎప్పుడు వస్తుందో అందరికీ తెలుసు. నేటి పాటల్లో కొన్ని భాగాలను నాయకుడు ఆ క్షణపు ప్రేరణను బట్టి మూడుసార్లో, ఎనిమిదిసార్లో తిప్పుతారు. ఎప్పుడు ముందుకు వెళ్లాలో ముందుగా తెలియజేసే ఒక మాటో, చేతి సంజ్ఞో ఉంటే సంఘం కలిసే ఉంటుంది. లేకపోతే ఆగి చూస్తుంది.

వేదిక మీది బృందం: రెండు పక్షాల మాట

1960లలో కతోలిక, ప్రొటెస్టెంటు లోకాలు రెండూ ఒకే దశాబ్దంలో మారాయి. రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబరులో వెలువరించిన ఆరాధనా పత్రం, ప్రజలు పూర్తిగా, తెలిసి, చురుకుగా పాల్గొనాలని కోరింది. గాయక బృందం లేనిచోట కూడా శిక్షణ పొందిన ఒకరిద్దరు గాయకులైనా ప్రజలను నడిపించడానికి ఉండాలని 1967 నాటి సంగీత మార్గదర్శకం చెప్పింది. దాదాపు అదే కాలంలో కాలిఫోర్నియాలో మొదలైన యువ క్రైస్తవ ఉద్యమం గిటారును, ఆ కాలపు పాటల శైలిని ఆరాధనలోకి తెచ్చింది. పెంతెకొస్తు సంఘాల్లో అప్పటికే ఉన్న స్వేచ్ఛాగానంతో అది కలిసి, ఉత్సాహంతో మొదలై క్రమంగా నెమ్మదించి అంతరంగ ప్రార్థనలోకి వెళ్లే పాటల వరుస ఒక పద్ధతిగా స్థిరపడింది. కృతజ్ఞతతో గుమ్మాల్లోకి, స్తుతితో ఆవరణాల్లోకి ప్రవేశించమనే 100వ కీర్తనను దీనికి ఆధారంగా చూపుతారు.

ఈ పద్ధతిని సమర్థించేవారి వాదనను తేలికగా తీసుకోకూడదు. వారమంతా అలసిన మనుషులు గుమ్మం దాటగానే ప్రార్థనలో నిమగ్నం కాలేరు. వారిని అక్కడికి చేర్చే మార్గం అవసరం. ఆసాపు, హేమానులు కూడా నేర్పరులే. పాట పుస్తకంలోంచి తల ఎత్తలేని సంఘానికి, చేతులెత్తి పాడే స్వేచ్ఛ ఇచ్చింది ఈ పద్ధతే. వ్యతిరేకుల వాదనలోనూ అంతే బరువుంది. ఒక వ్యక్తి దేవుని సన్నిధిలోకి జనాన్ని ‘తీసుకువెళతాడు’ అన్న మాట, క్రీస్తు ఒక్కడే మధ్యవర్తి అన్న బోధతో ఎలా పొసగుతుందని వారు అడుగుతారు. సంగీతం కలిగించే కదలికనే ఆత్మ కదలికగా పొరబడే ప్రమాదం ఉందంటారు.

ఈ భయం కొత్తది కాదు. 4వ శతాబ్దం చివర రాసిన తన ఆత్మకథలో ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీన్, పాటలోని మాట కన్నా పాటే తనను ఎక్కువగా కదిలించిన సందర్భాలు తప్పేనని ఒప్పుకున్నాడు. కీర్తనను పాట కన్నా మాటకే దగ్గరగా ఉండేలా చదివించిన అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియస్ పద్ధతి క్షేమకరమేమో అని ఆలోచించాడు. అయినా తన మారుమనస్సు తొలినాళ్లలో ఆ పాటలే తనను ఏడిపించాయని గుర్తుచేసుకుని, పాట ఉండాలనే వైపే మొగ్గాడు. అటూ ఇటూ ఊగే ఆ నిజాయితీ నేటి చర్చలో కొంచెం ఉంటే మేలని నా అభిప్రాయం.

నియమిత నాయకుడే లేని పద్ధతి కూడా మన మధ్యే ఉంది. గోదావరి ప్రాంతంలో 19వ శతాబ్దం నుంచి వేళ్లూనుకున్న బ్రదరన్ సహవాసాల్లో, రొట్టె విరిచే కూటంలో ఏ సహోదరుడైనా లేచి పాట సంఖ్య చెప్పవచ్చు. ఎవరో ఒకరు ఎత్తుకుంటారు, అందరూ అందుకుంటారు. అక్కడా శృతి నిర్ణయించే గొంతొకటి ఉండక తప్పదు, అయితే దానికి పేరు, పీఠం ఉండవు.

స్త్రీలు, నియామకం, జవాబుదారీతనం

1903లో పదో పయస్ పోపు జారీచేసిన సంగీత శాసనం, గాయకులది నిజమైన ఆరాధనా పదవి కాబట్టి స్త్రీలను గాయక బృందంలో చేర్చరాదని, హెచ్చు స్వరాలకు బాలురను వాడాలని చెప్పింది. 1967 మార్గదర్శకం మిశ్రమ బృందాలను, అవసరమైనచోట కేవలం స్త్రీల బృందాలను కూడా అనుమతించింది. నేడు కతోలిక విచారణల్లో స్త్రీలు పాట నడిపించడం సాధారణం. ప్రొటెస్టెంటు సంఘాల్లో అభిప్రాయభేదం మిగిలే ఉంది. పాట నడిపించడం బోధించడంతో సమానమని భావించే సంఘాలు స్త్రీలకు ఆ అవకాశం ఇవ్వవు. అది సేవ అని భావించే సంఘాలు ఇస్తాయి. మళ్లీ పని ఏమిటన్న ప్రశ్నే. పాటల మధ్య మాటలు పెరిగేకొద్దీ నాయకుడి పని బోధకు దగ్గరవుతుంది, అందుకే ఆరాధన నాయకుడన్న పదవి వచ్చాక ఈ చర్చ ఇంకా పదునెక్కింది. తెలుగు పల్లె సంఘాల్లో పాటలు పుస్తకం లేకుండా చెప్పగలిగేది ఎక్కువగా స్త్రీలే అన్నది కూడా ఈ సందర్భంలో లెక్కలోకి తీసుకోవలసిన సంగతి.

నియమించేది ఎవరన్నది చివరి చిక్కు. వెస్ట్‌మినిస్టర్ నియమావళిలో బోధకుడు, పెద్దలు కలిసి నియమిస్తారు. కతోలిక విచారణలో గురువు బాధ్యత వహిస్తారు. తెలుగునాట స్వతంత్ర సంఘాల్లో చాలాచోట్ల కాపరి కుటుంబ సభ్యులో, వాద్యం తెలిసిన యువకులో ఆ స్థానంలోకి సహజంగా వచ్చేస్తారు. నియామకమంటూ జరగనప్పుడు పని ఏమిటో ఎవరూ చెప్పరు, అనుసరించలేకపోయిన సంఘానికి ఆ మాట ఎవరితో చెప్పాలో తెలియదు. పాటల ఎంపిక ప్రసంగాంశాన్ని బట్టి కాపరి చేయాలా, సంఘానికి వచ్చిన పాటల జాబితాను బట్టి నాయకుడు చేయాలా, నెలకు ఎన్ని కొత్త పాటలు, వాటిని ఆరాధనకు ముందు నేర్పించడానికి ఎంత సమయం అన్నవి పెద్దల సమావేశంలో తేలవలసిన విషయాలు. అక్కడ తేలనివి ఆదివారం ఉదయం, మైకు ఎవరి చేతిలో ఉంటే వారి ఇష్టం మీద తేలుతున్నాయి.